‘ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా?’ - ఫాదర్ల మీద ఆరోపణలు, ఏది నమ్మాలె ఏది నమ్మొద్దు

రాజురా_రాజన్న
ఫాదర్లు లైంగిక దాడి చేసిన్రన్న ఆరోపణల మీద ప్రార్థన గ్రూపుల నాలుగు రోజుల సంది ఒకటే లొల్లి. నన్‌ను రేప్ చేసిండన్న కేసుల బిషప్ ఫ్రాంకో ములక్కల్‌ను కేరళ కోర్టు విడిచిపెట్టిన తీర్పు కటింగ్ ఒకాయన పెట్టి "చూసిన్రా, అంతా అబద్ధమే" అన్నడు. ఇంకొకామె ఫ్రాన్స్ చర్చిల పిల్లల మీద జరిగిన దాడుల రిపోర్టు పెట్టి "అందరూ అంతే" అన్నది. ఇగ ఎవలూ ఎవలది చదువుతలేరు. నేను అడిగేది గిదే: ఆరోపణ వచ్చినప్పుడు అది నిలబడేదా కాదా అని తెలిసినోళ్లు ఎట్ల తూకం ఏస్తరు? "మా ఫాదర్ అసొంటోడు కాదు", "ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నది" - ఈ రెండు మాటలు తప్ప ఇంకేమన్న ఉన్నదా? మతం మీద తిట్లు వద్దు.

చందా_వకీల్
లొల్లి ఎక్కడ మొదలైతదంటే, మూడు వేరే వేరే తరాజులను ఒకటే అనుకుంటరు.

మొదటిది చర్చిది. ఫిర్యాదు ‘నిజమై ఉండొచ్చు’ అనిపిస్తే చాలు, బిషప్ ప్రాథమిక విచారణ పెట్టాలె. మనది మహారాష్ట్రల చందా మేత్రాసనం (ఒక బిషప్ కిందుండే చర్చి ఇలాకా), సీరో మలబార్, అంటే కేరళ మూలమున్న తూర్పు సభ. అందుకని అందరూ చెప్పే లాటిన్ చట్టం 1717 కాదు, తూర్పు సభల చట్టం 1468 చూడాలె. 2020 జులైల వాటికన్ ఇచ్చిన మార్గదర్శి ఏమంటదంటే, పేరు లేని ఉత్తరం అయినా సరే, పేరు లేదన్న ఒక్క కారణంతోని పక్కకు పడేయొద్దు.

రెండోది ‘నమ్మదగిన ఆరోపణ’. ఇది ఎక్కువగా అమెరికా మాట, 2002ల అక్కడి బిషప్‌లు ఒప్పుకున్న డల్లాస్ చార్టర్ తర్వాత బాగా నలిగింది. ఫాదర్‌ను పని నుంచి పక్కన పెట్టనీకి వాడే కొలత. శిక్ష కాదు. చిక్కేందంటే ఒక్కో మేత్రాసనం దీన్ని ఒక్కో తీరు కొలిచింది.

మూడోది కోర్టు. సహేతుకమైన అనుమానం మిగలొద్దు. మొదటి తరాజుల తూగింది మూడో దాంట్ల తూగకపోవచ్చు. అంత మాత్రాన మొదటి తూకం దొంగ తూకం కాదు.

మిల్లు_క్వార్టర్స్
తెలుగు కతోలికులం పారిష్‌ని ‘విచారణ’ అంటాం. పేరులో ఉన్న విచారణ పనిలో కూడా ఉంటే రాజన్నకి ఈ ప్రశ్న వచ్చేది కాదు.

కాలరీ_నంబర్_3
మిల్లు సార్ 😀 రాసి పెట్టుకోవాలె ఇది.
గని వకీల్ సాబ్, తరాజులు మూడైనా ముప్పై అయినా, ఆ బిషప్‌ను కోర్టు విడిచిపెట్టింది కదా. 2022 జనవరి 14, కొట్టాయం. 289 పేజీల తీర్పు, 39 మంది సాక్షులు. ఇంకేం కావాలె?

అహేరి_అక్క
289 పేజీలని చెప్పినవు, లోపల ఏమున్నదో చెప్పలే తమ్మీ. ‘ఆమె అబద్ధం ఆడింది’ అనుడు వేరు, ‘ఈ సాక్ష్యం మీద శిక్ష వేయలేం’ అనుడు వేరు. ముందు చెప్పినదానికి తర్వాత చెప్పినదానికి తేడాలున్నయని, గింజా పొల్లూ విడదీయరాకుండ కలిసిపోయినప్పుడు మొత్తం సాక్ష్యాన్నే పక్కన పెట్టాలని జడ్జి రాసిండు. అప్పీలు హైకోర్టుకు పోయింది. 2023 జూన్‌ల బిషప్ రాజీనామాను పోపు ఒప్పుకున్నడు. ఒక్క కటింగ్‌ల ఇదంత పట్టదు.

రాజురా_రాజన్న
పొల్లున్నదని వడ్లన్నీ పారబోస్తరా అక్కా? తూర్పార పట్టనీకే కదా కోర్టున్నది.

చందా_వకీల్
ఆ తీర్పును తప్పుపట్టినోళ్లు అన్నది కూడా అదే రాజన్నా. చిన్న తేడాలను పెద్దయి చేసి చూసిన్రని. ఒప్పుకున్నోళ్లు ఏమన్నరంటే, కేసు మొత్తం ఆమె మాట మీదనే నిలబడ్డప్పుడు ఆ మాట గట్టిగుండాలె అని. రెండింటికీ పాత తీర్పుల ఆధారం ఉన్నది. బాధితురాలి ఒక్కదాని సాక్ష్యం మీద శిక్ష వేయొచ్చని 1996 గుర్మీత్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, గని ఆ సాక్ష్యం నమ్మకం కలిగించాలె.

ఇంకోటి. అక్కడ ఫిర్యాదు చేసినామె పెద్దామె, నన్. కాబట్టి పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) లేదు. పోక్సోల సెక్షన్ 29 ఉంటది: ప్రాసిక్యూషన్ మూల విషయాలు రుజువు చేస్తే, నేరం చేసిండనే కోర్టు అనుకోవాలె, కాదని చూపించే భారం నిందితుని మీద పడతది. పెద్దోళ్ల కేసుల ఆ ఊతం లేదు. పిల్లల కేసును, పెద్దోళ్ల కేసును ఒకే గాట కట్టి మాట్లాడితే తప్పుతది.

ప్రాణహిత_ఒడ్డు
ఆస్ట్రేలియా కార్డినల్ జార్జ్ పెల్ సంగతి కూడా గిట్లనే తప్పు చెప్తున్నరు. పిల్లగాళ్ల మీద లైంగిక దాడి కేసుల 2018 డిసెంబర్‌ల జ్యూరీ దోషి అన్నది. 2019 ఆగస్టుల అప్పీలు 2-1తోని పోయింది. 2020 ఏప్రిల్ 7న హైకోర్టు (అక్కడ అదే అన్నిటికన్న పెద్ద కోర్టు) 7-0తోని విడిచిపెట్టింది. కారణం చదవున్రి: ఫిర్యాదుదారు అబద్ధాలకోరు అని రాయలే. పూజ అయినంక బిషప్ గుడి మెట్ల కాడ నిలబడి జనాన్ని పలకరించే అలవాటు, పూజ బట్టల్ల ఆయన ఒంటరిగా ఉండకపోవుడు, పూజ అయిన వెంటనే సక్రిస్తి (పూజ బట్టలు, సామాన్లు ఉండే గది) లకు మందొచ్చుడు పోవుడు - ఇవన్నీ చెప్పిన సాక్షులను ఎవలూ కదిలియ్యలేకపోయిన్రు. అసలు అవకాశమే ఉన్నదా అన్న అనుమానం మిగిలింది. గంతే. ఆయన నిర్దోషి అని సంబురం చేసుకున్నోళ్లూ, పిల్లగాడు అబద్ధమాడిండని తిట్టినోళ్లూ - మొదటోళ్ల చేతిల తీర్పు ఉన్నది, రెండోళ్ల చేతిల ఏం లేదు.

కాలరీ_నంబర్_3
సరే, ఆలస్యం సంగతి చెప్పున్రి. ముప్పై ఏండ్లకు వచ్చి చెప్తే ఎట్ల నమ్మాలె? సాక్షులు సచ్చిపోతరు, ఫాదర్ సచ్చిపోతడు. ఆయన తరఫున మాట్లాడేటోడే ఉండడు. అమెరికాల పైసలు ఇస్తరనంగనే లైన్ కట్టిన్రు.

అహేరి_అక్క
ఆస్ట్రేలియా సర్కారు పెట్టిన రాయల్ కమిషన్ లెక్క తీసింది: 1980 నుంచి 2015 దాకా కతోలిక సంస్థలకు 4,444 మంది నుంచి ఫిర్యాదులు. జరిగిననాటికీ ఫిర్యాదు చేసిననాటికీ నడుమ సగటున 33 ఏండ్లు. అంటే ఆలస్యం అనేది అబద్ధానికి గుర్తు కాదు, ఈ నేరానికి మామూలు లక్షణం. లైన్ కట్టుడు కూడా చూడు: అమెరికాల జాన్ జే కాలేజీ 2004ల ఇచ్చిన రిపోర్టుల 1950-2002 నడుమ 4,392 మంది ఫాదర్ల మీద ఆరోపణలు, 10,667 మంది బాధితులు. ఆరోపణల్ల మూడో వంతు 2002, 2003లనే బయటికొచ్చినయి. 2002 జనవరిల బోస్టన్ పేపర్ రాసినంకనే. ఒకరు నోరు తెరిస్తే పక్కోళ్లకు ధైర్యం వస్తది. పైసల ఆశ అసలే లేదని నేననను. పైసలు కారణం అని అనాలంటే ఆ కేసుల రుజువు చూపియ్యాలె.

చందా_వకీల్
మన చట్టంల ఆలస్యం లెక్క: మూడేండ్లకన్న ఎక్కువ శిక్ష పడే నేరానికి గడువే లేదు. పోక్సో 2012 నవంబర్ 14న అమలుకొచ్చింది. అంతకుముందు జరిగినదానికి పాత ఐపీసీ సెక్షన్లే. ఇక్కడ చాలామంది దెబ్బతింటరు: 2013 మార్పుకు ముందు ఐపీసీ 354 (ఆడోళ్ల మానానికి భంగం కలిగించుడు) కు గరిష్ఠ శిక్ష రెండేండ్లే, కాబట్టి మూడేండ్ల గడువు దాటితే కోర్టు ఆలస్యాన్ని మాఫ్ చేస్తే తప్ప కేసు లేవదు. రేప్‌కు ఆ బాధ లేదు. చర్చి చట్టంల 2010 నుంచి గడువు బాధితునికి 18 నిండినంక 20 ఏండ్లు, దాన్ని కూడా వాటికన్ ఎత్తేయొచ్చు.

మిల్లు_క్వార్టర్స్
కాలరీ అన్న మాటని పూర్తిగా తోసెయ్యకండి. తప్పుడు ఆరోపణలు ఉన్నాయి, రుజువయ్యాయి కూడా. షికాగో కార్డినల్ బెర్నార్డిన్ మీద 1993 నవంబరులో దావా వేశారు. 1994 ఫిబ్రవరిలో వేసినాయనే వెనక్కి తీసుకున్నాడు, హిప్నాసిస్‌లో వచ్చిన జ్ఞాపకాలని నమ్మలేనని. ఐర్లాండులో 2011లో ఒక టీవీ కార్యక్రమం ఒక ఫాదర్ మీద కెన్యాలో మైనరు బాలికని పాడు చేసి బిడ్డకి తండ్రయ్యాడని చూపించింది. ప్రసారానికి ముందే ఆయన డీఎన్ఏ పరీక్షకి సిద్ధమన్నాడు. ఆగలేదు, వేసేశారు. పరీక్షలో బిడ్డ ఆయన బిడ్డ కాదని తేలింది. ఛానెల్ క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చింది, మీద రెండు లక్షల యూరోల జరిమానా.

కానీ ఈ రెండూ ఎలా తేలాయి? ‘ఫాదర్ మంచివాడు’ అనడం వల్ల కాదు. పరీక్షించడం వల్ల. బెర్నార్డిన్ అయితే తాను పెట్టిన సమీక్షా పద్ధతికి తన కేసునే పంపమన్నాడు. విచారణ కుదరదని అడ్డుపడేవాళ్లు నిర్దోషికి కూడా అన్యాయమే చేస్తున్నారు.

ప్రాణహిత_ఒడ్డు
లెక్క కావాలంటే ఐర్లాండ్‌ల డబ్లిన్ మేత్రాసనం మీద సర్కారు కమిషన్ 2009ల ఇచ్చిన మర్ఫీ రిపోర్టు చూడున్రి. 46 మంది ఫాదర్లను నమూనాగా తీసుకొని చూసిన్రు. 11 మంది ఒప్పుకున్నరు లేకపోతే శిక్ష పడ్డది. ఖచ్చితంగ తప్పుడు ఆరోపణ అని తేలింది ఒక్కటి. సున్నా కాదు, సగం కూడా కాదు.

కాలరీ_నంబర్_3
గీ లెక్క నాకు తెల్వది. మిగిలిన 34?

ప్రాణహిత_ఒడ్డు
కోర్టు దాకా రాలేదు, లేకపోతే నిలబడలేదు. చాలా ఫైళ్లు బిషప్ బీరువాల తాళం కింద ఉన్నయి, అందుకనే కమిషన్ పెట్టాల్సి వచ్చింది.

అహేరి_అక్క
అందరూ తప్పుడు ఆరోపణ గురించే మాట్లాడుతరు. తప్పుడు ‘ఏం జరగలే’ గురించి ఎవలూ మాట్లాడరు. కేరళ కొట్టియూర్ కేసు, 2017. పిల్లకు బిడ్డ పుట్టింది. మొదలు పిల్ల తండ్రే, తప్పు తనదే అని చెప్పిండు. తన సొంత బిడ్డ మీద! తర్వాత ఫాదర్ పేరు బయటికొచ్చింది. కోర్టుకు వచ్చేసరికి పిల్లా, తల్లిదండ్రులూ ఎదురు తిరిగిన్రు: ఇష్టపడే జరిగింది, అప్పటికి పెద్దదే అని. వాళ్ల నోటి మాట మీదనే పోతే ఆ కేసు అక్కడ్నే పడిపోవాలె. డీఎన్ఏ ఫాదర్‌ను పట్టిచ్చింది, పుట్టిన తేదీ రికార్డు వయసును పట్టిచ్చింది. 2019 ఫిబ్రవరిల తలశ్శేరి కోర్టు 20 ఏండ్లు వేసింది, తర్వాత హైకోర్టు పదికి తగ్గించింది. పిల్ల మాట మార్చంగనే "చూసిన్రా అబద్ధం" అంటరు గదా, మార్చిన మాటను కూడా అదే తరాజుల పెట్టాలె. ఎవలు కలిసిన్రు, ఎప్పుడు కలిసిన్రు, అన్నం పెట్టేది ఎవలు.

చందా_వకీల్
వయసు గురించి ఒక ముక్క. జ్ఞానస్నాన రిజిస్టర్ తెచ్చి చూపిస్తరు చాలామంది. జువెనైల్ జస్టిస్ చట్టం 94ల వరుస ఉన్నది: మొదలు బడి సర్టిఫికెట్ లేకపోతే పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేకపోతే పంచాయతీ జనన పత్రం, అవీ లేకపోతే ఎముకల పరీక్ష. జ్ఞానస్నాన రిజిస్టర్ ఈ వరుసల లేదు. అది రాసేదీ దాచేదీ నిందితుని ఆఫీసే అయినప్పుడు దానికి ఎంత బరువియ్యాలో మీరే చెప్పున్రి.

సిరోంచ_దుబాసీ
మీరందరు కేరళ, ఐర్లాండ్ తిరుగుతున్నరు. మన దిక్కు కేసులు ఎక్కడ చెడుతయో చెప్త. భాష కాడ.

పిల్ల తెలుగుల చెప్తది, లేకపోతే ఇక్కడి ఆదివాసీల మాట మాడియాల. రాసేటాయన మరాఠీల రాస్తడు. పిల్ల "ఫాదర్" అంటది. దాన్ని ‘వడీల్’ అని రాసిన్రనుకో, నిందితుడు పిల్ల తండ్రి అయిపోతడు. ‘చర్చ్‌చే ఫాదర్’ అని రాయించాలె, పేరుతో సహా.

‘మొన్న’ ఇంకా పెద్ద గండం. మన మాటల మొన్న అంటే మొన్నటి దినమూ కావొచ్చు, మొన్న దసరా కూడా కావొచ్చు. మరాఠీల ‘పర్వా’ అని రాస్తే రెండు రోజుల కింద అని ఖాయం అయితది. తర్వాత మేజిస్ట్రేట్ ముందట పిల్ల "దసరా సెలవుల్ల" అంటది. ఇగ డిఫెన్స్ వకీలుకు పండుగ. పిల్ల రెండుసార్లూ ఒకటే చెప్పింది. కాగితం రెండు తీర్లు చెప్పింది.

"ముట్టిండు", "పాడు పని చేసిండు", "గలీజు చేసిండు" - ఇవి మూడూ మరాఠీల ఒకటే మాట అయితయి. ఏ అంగం, బట్టల మీదనా లోపలనా, అన్నది పిల్ల మాటల్లనే రావాలె, బొమ్మ మీద చూపించినా మంచిదే. బట్ట మీద నుంచి ముట్టినా నేరమే అని 2021 నవంబర్‌ల సుప్రీంకోర్టు తేల్చింది, మన బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ ఇచ్చిన ‘చర్మానికి చర్మం తగలాలె’ తీర్పును కొట్టేసి.

తేదీ కోసం పిల్లను క్యాలెండర్ అడగొద్దు. గుర్తులు అడగాలె: తునికాకు తెంపే రోజుల్లనా, పత్తి ఏరేటప్పుడా, క్రిస్మస్ నవదినాలకా, ప్రాణహిత పుష్కరాలకు ముందా తర్వాతనా. పుష్కరాలంటే 2022 ఏప్రిల్ అని పెద్దోళ్లకు తెలుసు, పిల్లకు మంది గుర్తుంటరు. దుబాసీ సాయం తీసుకునే ఏర్పాటు పోక్సోలనే ఉన్నది: పోలీసులు, మేజిస్ట్రేట్ వాంగ్మూలం రాసేటప్పుడు సెక్షన్ 26, కోర్టుల సాక్ష్యానికి సెక్షన్ 38. ఎవలూ అడగరు.

రాజురా_రాజన్న
‘మొన్న’ సంగతి చదివినంక దిమాక్ తిరిగింది అన్నా.

మిల్లు_క్వార్టర్స్
మా గుంటూరోళ్లకి ‘మొన్న’ అంటే చాలాసార్లు పోయిన సంవత్సరం కూడా. దుబాసీ గారికి పని పెరుగుతుంది.

కాలరీ_నంబర్_3
మరి కావాలని ఇరికించేది ఎట్ల కనిపెడతరు? బదిలీ పగలు, కమిటీ ఎన్నికలు, జాగ తగాదాలు చర్చిల లేవా? పేరు లేని ఉత్తరం రాసుడు ఎంతసేపు?

చందా_వకీల్
కనిపెట్టొచ్చు, గని మొఖం చూసి కాదు. ఫాదర్ల బదిలీ ఉత్తర్వులు మేత్రాసనం ఆఫీసుల ఉంటయి. ఉత్తరంల చెప్పిన కాలంల ఆయన ఆ ఊర్లనే ఉన్నడా? హాస్టల్ హాజరు రిజిస్టర్, సెలవుల లిస్టు, ఆ గదికి తాళం ఎవలి కాడ ఉండేది, జీపు ఎవలు నడిపేది. ఫిర్యాదుల చెప్పిన గదిల కిటికీ ఉన్నదా, గోడ తర్వాత కట్టిందా. ఏడాది తప్పు చెప్తే అబద్ధం అని కొట్టేయొద్దు, ఏడాది మర్చిపోతరు. గని ఎప్పుడూ లేని గదిని వర్ణిస్తే ఆగి చూడాలె. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ఒకటే తీరు చెప్తే బరువు పెరుగుతది. అయితే వాళ్లిద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపుల ముందే మాట్లాడుకున్నరా అన్నది కూడా చూడాలె. అందుకనే గ్రూపుల "ఇంకెవలికన్న జరిగిందా" అని అడగొద్దు. మంచి మనసుతోనే కేసును ఖరాబ్ చేస్తరు.

దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేస్తే పోక్సో 22 ఉన్నది, ఆర్నెల్ల దాకా జైలు. పిల్ల చేస్తే శిక్ష లేదు. రుజువు కాకపోవుడు వేరు, తప్పుడు ఫిర్యాదు వేరు. చర్చి చట్టంల కూడా తప్పుడు ఆరోపణకు శిక్ష ఉన్నది.

అహేరి_అక్క
పిల్ల నోరు తెరిచిన మొదటి గంటల ఇంట్లోళ్లు చేసే తప్పులు రాస్త. "ఫాదర్ నీ మీద చెయ్యేసిండా?" అని అడుగుతరు. అట్ల అడిగితే జవాబు నువ్వే నోట్ల పెట్టినట్టు. "ఏమైంది? తర్వాత?" గంతే. విన్నది అప్పుడే రాయున్రి, పిల్ల మాటల్లనే, నువ్వు అడిగిన ప్రశ్న కూడా రాయున్రి. మేనత్తకొకసారి, పక్కింటోళ్లకొకసారి చెప్పిపియ్యొద్దు. ఈమధ్యనే జరిగితే స్నానం చేయిపియ్యొద్దు. 96 గంటల దాకా నమూనాలు తీస్తరు, గని ఎంత తొందరగ పోతే అంత మంచిది. బట్టలు ఉతకొద్దు, ప్లాస్టిక్ కవర్ల పెట్టొద్దు, బూజు పడతది. తడిగ ఉంటే నీడకు ఆరబెట్టి కాగితం సంచిల పెట్టాలె. దవాఖానల రెండు వేళ్ల పరీక్ష చేస్తమంటే వద్దనున్రి, 2022ల సుప్రీంకోర్టు అది తప్పుడు నడవడి అని గట్టిగ చెప్పింది. వాంగ్మూలం పిల్ల ఇంట్ల, లేకపోతే పిల్ల కోరుకున్న కాడ తీసుకోవాలె, వీలైతే మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండ.

ప్రాణహిత_ఒడ్డు
గాయాలు లేవు కాబట్టి జరగలే అనేటోళ్లకు మన జిల్లా పేరే చెప్పాలె. దేసాయిగంజ్ ఠాణా, 1972, అప్పుడు మన చంద్రపూర్ (చందా) జిల్లానే. మథుర కేసు: ఆదివాసీ పిల్ల మీద ఠాణాలనే ఇద్దరు పోలీసులు అత్యాచారం చేసిన్రని. సెషన్స్ కోర్టు ఆ పిల్లనే అబద్ధాలకోరు అన్నది, నాగ్‌పూర్ బెంచ్ శిక్ష వేసింది, సుప్రీంకోర్టు ఒంటి మీద దెబ్బలు లేవని విడిచిపెట్టింది. 1979ల నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాసిన్రు. 1983ల చట్టం మారింది. ఫాదర్ల కేసుల కూడా ఇప్పటికీ అదే మాట తిరుగుతది: "అరిచిందా? దెబ్బలున్నయా?"

కాలరీ_నంబర్_3
పోలీసులకు చెప్పకముందు బిషప్‌కు చెప్తే చాలు కదా? ఇంటి సంగతి ఇంట్ల.

చందా_వకీల్
చాలదు. పోక్సో 19: తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పాలె. చెప్పకపోతే 21 కింద ఆర్నెల్లు, సంస్థను నడిపేటోడు తన కింద పనిచేసేటోని నేరం దాస్తే ఏడాది. బిషప్‌కు చెప్పున్రి, 2019ల పోపు ఇచ్చిన ‘వోస్ ఎస్తిస్’ అనే ఉత్తర్వు ప్రకారం ఆయన కూడా కదలాలె. గని అది ఠాణాకు బదులు కాదు. రాజురా హాస్టల్ కేసు రాజన్నకు తెలుసు. అది ఫాదర్ల కేసు కాదు, గని సెక్షన్ అదే. 17 మంది ఆదివాసీ పిల్లలు, చూసిన డాక్టర్ పోలీసులకు చెప్పలేదని కేసు. నాగ్‌పూర్ బెంచ్ కొట్టేసింది. 2022 నవంబర్ 2న సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది, చెప్పకపోవుడు చిన్న నేరం కాదని.

మిల్లు_క్వార్టర్స్
పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) విన్నదైతే? ఫాదర్ చెప్పకూడదు కదా, అక్కడ విన్నది బయటపెట్టకూడదన్న ముద్ర ఉంటుంది.

చందా_వకీల్
చర్చి చట్టంల ఆ ముద్ర తెంపరాదు, తూర్పు చట్టం 733. మన సాక్ష్య చట్టంల భార్యాభర్తలకు, వకీలుకు రక్షణ ఉన్నది, ఫాదర్‌కు లేదు. పోక్సో 19లనూ మినహాయింపు రాయలే. రెండు చట్టాలు ఎదురుబొదురు నిలబడ్డయి. ముద్ర బయట, బల్ల కాడ కూసొని విన్నదానికి మాత్రం ఏ సాకూ లేదు.

అహేరి_అక్క
దాంతోటి నేనొప్పుకోను. సంకీర్తనంల పిల్ల తన మీద జరిగింది చెప్తే అది పిల్ల పాపం కాదు. "బయట కూసొని మళ్లొకసారి చెప్పు బిడ్డా" అని ఫాదర్ అడగొచ్చు, ఎవలూ ఆపలే.

చందా_వకీల్
అడగొచ్చు అక్కా. వాటికన్ మార్గదర్శి కూడా దాదాపు అదే చెప్పింది.

కాలరీ_నంబర్_3
నేను ఇంకా అన్ని నమ్మను. గని ‘అబద్ధం’ అనే ముందు ఏమేం అడగాలో తెలిసింది. ఆఖరి ప్రశ్న: ఠాణాల మరాఠీల రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటే?

సిరోంచ_దుబాసీ
19(2): నంబర్ వేసి రాయాలె, చెప్పినోళ్లకు చదివి వినిపియ్యాలె, పుస్తకంల ఎక్కించాలె. తెలుగుల చెప్పమనున్రి. ‘వడీల్’, ‘పర్వా’ - ఈ రెండు మాటలు చెవుల పడితే అక్కడ్నే ఆపి దిద్దిపియ్యున్రి. అప్పటిదాక పెన్ను ముట్టొద్దు.